జిప్సీ ముందు యాక్సిల్ పని: మనమే విప్పుకోవాలా, మెకానిక్‌కి ఇవ్వాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 2009 మారుతి జిప్సీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. స్పీడు 55 దాటగానే స్టీరింగ్ వణుకుతోంది. ఎడమ ముందు చక్రం లోపలివైపు నల్లటి జిడ్డు కారుతోంది. గ్యారేజీలో రెండు వైపులా నకిల్ (యాక్సిల్ అంటే ఇరుసు, దాని చివర ముందు చక్రాన్ని పక్కలకు తిప్పే కీలు) పని మొత్తం చెయ్యాలి, 22 వేలు అవుతుంది అన్నారు. ఆ డబ్బుతో పనిముట్లు కొనుక్కుని మీరే చేసుకోవచ్చా అని అడుగుతున్నారు.

చేసుకోవచ్చు. నకిల్ పని మీరే చేసుకోండి. స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాల కడ్డీలకు అందించే గేర్ల పెట్టె) జోలికి మాత్రం వెళ్లకండి. నేను విశాఖలో ఉంటాను, పాత జిప్సీ కింగ్ నడుపుతాను, పాడేరు ఘాట్ మీద ఎక్కువగా తిరుగుతాను. ముందు యాక్సిల్ రెండు చివర్లూ నేనే విప్పి బిగించుకున్నాను. కొన్ని పనులకు మాత్రం ఇప్పటికీ ఆటోనగర్‌కే వెళ్తాను.

ఏ పని చెయ్యాలన్నా ముందు జబ్బేంటో మీరే తేల్చుకోండి. ఇదొక్కటి మాత్రం ఎవరికీ వదిలెయ్యకండి. మొదట టైర్లతో మొదలుపెట్టండి. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడపండి. వణుకు తగ్గినా, వేరే స్పీడులో వచ్చినా తప్పు టైర్లలోనో బ్యాలెన్సింగ్‌లోనో ఉంది. ఏమీ మారకపోతే వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి, యాక్సిల్ హౌసింగ్ (ఇరుసును కప్పి ఉండే ఇనుప గొట్టం) కింద స్టాండ్లు పెట్టండి. ఇటుకలు వద్దు, ఉత్త జాకీ మీద అసలే వద్దు.

ఇప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతోందనుకోండి, ఎవరినైనా బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే వీల్ బేరింగ్ లూజు. తొక్కినా ఆడుతోందంటే నకిల్‌ని పైనా కిందా పట్టి ఉంచే కింగ్ పిన్ బేరింగులు పోయాయి. తర్వాత పక్కల పట్టుకుని ఊపండి. అక్కడ ఆట ఉంటే టై రాడ్ ఎండ్లు (రెండు చక్రాలనూ కలిపే కడ్డీ చివరి కీళ్లు), డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వచ్చే కడ్డీ), స్టీరింగ్ బాక్సు చూడాలి. ఒకరు చక్రం ఊపుతుంటే ఇంకొకరు ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి ఉంచితే ఏది కదులుతోందో వేళ్లకే తెలుస్తుంది. అరగంట పని ఇది. ఇది చెయ్యకుండా గ్యారేజీకి వెళ్తే రెండు వైపులా మొత్తం మార్చాలనే మాటే వినిపిస్తుంది. వాళ్లు మోసం చేస్తున్నారని అనడం లేదు. విడివిడిగా వెతకడం కన్నా మొత్తం మార్చడం వాళ్లకు తేలిక.

ఆ జిడ్డు కూడా వేలికి రాసుకుని చూడండి. చిక్కగా ఉండి గంధకం వాసన ఘాటుగా వస్తే గేర్ ఆయిల్. పల్చగా ఉండి, పడిన చోట పెయింటు ఊడుతుంటే బ్రేక్ ఫ్లూయిడ్. అదైతే ఇక బండి కదపకండి, ఈ రోజే బ్రేకుల పని చేయించండి. గేర్ ఆయిలే అయితే యాక్సిల్ ట్యూబు చివరనున్న సీలు (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది. డిఫరెన్షియల్‌లోని (ఇరుసు మధ్యనుండే గేర్ల డబ్బాలోని) నూనె ఆ సీలు దాటి నకిల్‌లోకి వచ్చి, అక్కడి గ్రీజును పల్చన చేసి, బయటి సీలు గుండా చక్రం మీదికి కారుతోంది.

నాకు ఇదే సమస్య వచ్చినప్పుడు ఒక గ్యారేజీలో సీలు కొత్తది వేశారు, కొద్ది రోజులకే మళ్లీ కారింది. మళ్లీ వేశారు, మళ్లీ కారింది. ఆఖరికి నేనే కిందికి దూరి చూస్తే యాక్సిల్ బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి) ఎర్రమట్టితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. బండి నడిచేకొద్దీ హౌసింగ్ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మూసుకుపోతే ఆ గాలికి వేరే దారి లేదు, సీలు పెదవినే తోసుకుని నూనెతో సహా బయటపడుతుంది. వాగు దాటేటప్పుడు దీనికి తలకిందులుగా జరుగుతుంది. వేడి హౌసింగ్ చన్నీళ్లలో ఒక్కసారిగా చల్లబడి, లోపల గాలి కుంచించుకుపోయి, సీళ్ల గుండా నీళ్లు లోపలికి లాక్కుంటుంది. అందుకే ఏజెన్సీలో తిరిగే బండ్లకు బ్రీదర్‌కి రబ్బరు ట్యూబు తగిలించి బానెట్ కిందికి ఎత్తుగా తీసుకెళ్లి కట్టుకోవాలి. ట్యూబు, రెండు క్లిప్పులు, అంతే ఖర్చు. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ముందు ఈ పని చెయ్యండి. పాత సీళ్లు కారుతున్న బండికి ఇది చెయ్యకుండా కొత్త సీళ్లు వెయ్యడం దండగ.

ఇక విప్పడం. ఒక్కసారి ఒక్క వైపే విప్పండి, రెండో వైపు చూసి పోల్చుకోవడానికి ఉంటుంది. బ్రేక్ క్యాలిపర్‌ని (బ్రేకు డిస్కును నొక్కిపట్టే భాగాన్ని) దాని బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకండి, తీగతో కమాన్ కట్టకు కట్టేయండి. హబ్ నట్టుకు (చక్రం మధ్యలో బేరింగును బిగించే పెద్ద నట్టుకు) సరైన సైజు సాకెట్ కొనండి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పిన నట్లు మన బండ్లలో ఎన్నో కనిపిస్తాయి. అలా కొట్టిన నట్టు ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు. యాక్సిల్ షాఫ్టు బయటికి లాగేటప్పుడు సమంగా పట్టుకోండి. సీలు కూర్చునే చోట షాఫ్టు మీద గోరుతో గీరి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడితే ఎంత మంచి సీలు వేసినా ఆగదు.

కింగ్ పిన్నుల కింద పల్చటి షిమ్ములు (బిగువు సర్దే రేకులు) ఉంటాయి. పై పిన్ను షిమ్ములు పైవి, కింది పిన్నువి కిందివి, విడివిడి డబ్బాల్లో పెట్టి పేరు రాయండి. కింది పిన్ను తియ్యగానే బేరింగ్ జారి కింద పడవచ్చు, చెయ్యి అడ్డం పెట్టుకోండి. మా బండి విప్పినప్పుడు కింది బేరింగ్ గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది, అంటే నీళ్లు చేరాయన్నమాట. గుడ్డతో తుడిచి కప్పు (రోలర్లు తిరిగే బయటి రింగు) లోపల చూస్తే రోలర్లు నొక్కుకున్న గీతలు వరసగా ఉన్నాయి, వేలు పెట్టి తిప్పితే ఒక్కోటీ తగులుతోంది. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు రోలర్లు నిలబడే చోటే ఆ గీతలు లోతుగా ఉన్నాయి. సాఫీ రోడ్డు మీద కూడా స్టీరింగ్ మధ్యలో ఎందుకు పట్టేస్తోందో అప్పుడు అర్థమైంది. పై బేరింగ్ మాత్రం బాగానే ఉంది. నీరూ బురదా కిందికే చేరతాయి కాబట్టి సాధారణంగా కిందిదే ముందు పోతుంది. అయినా విప్పాక రెండూ మార్చెయ్యండి.

కొత్త కప్పు దిగ్గొట్టేటప్పుడు ఇత్తడి కడ్డీ వాడండి, చుట్టూ కొద్దికొద్దిగా కొట్టండి. కప్పు అడుగుకు ఆనగానే శబ్దం మారుతుంది, మొద్దుగా వచ్చేది గట్టిగా ఖణేల్‌మంటుంది. ఆ మార్పు వినపడేదాకా ఆపకండి. తర్వాత బేరింగ్ ఎంత బిగువుగా ఉండాలనేది అసలు సంగతి. బయటి సీలు వెయ్యకుండా, టై రాడ్ విడదీసి, నకిల్ చేతికున్న రంధ్రంలో స్ప్రింగ్ కాటా కొక్కెం తగిలించి లాగాలి. కదలడం మొదలైనప్పుడు కాటా ఎంత చూపిస్తే అంత. అది సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లో ఉండాలి. తక్కువ వస్తే షిమ్ము తియ్యాలి, ఎక్కువైతే వెయ్యాలి. నేను వాడేది చేపలు తూచే చిన్న స్ప్రింగ్ కాటా. కొనగానే కిలో బాటు తగిలించి సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకున్నాను.

సొంతంగా చేసుకోమని చెప్పడానికి అసలు కారణం ఇదే. మన మేస్త్రీలకు పని రాక కాదు. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లను ఆటోనగర్‌లో చూశాను. కానీ మనమిచ్చే కూలీకి షిమ్ములు నాలుగుసార్లు మార్చి కాటా పెట్టి చూసే తీరిక వాళ్లకు ఉండదు, వాకిట్లో ఇంకో నాలుగు బండ్లు ఎదురుచూస్తుంటాయి. పాత షిమ్ములే వేసి చేత్తో ఊపి చూసి పంపిస్తారు. ఆదివారం మీ ఇంటి ముందు మిమ్మల్ని తొందరపెట్టే వాళ్లెవరూ ఉండరు. శుభ్రంగా కడగడం, కొలవడం, మళ్లీ కొలవడం, ఈ పనికి ముఖ్యంగా కావలసింది ఇదే. బలం పెద్దగా అక్కర్లేదు, ప్రత్యేకమైన మెషీన్లూ అక్కర్లేదు.

మెషీనో, ఏళ్ల అనుభవమో కావలసిన పనులకు డబ్బు ఇచ్చెయ్యండి. స్టీరింగ్ బాక్సు పైన ఒక సర్దుబాటు స్క్రూ ఉంటుంది. స్టీరింగ్‌లో ఆట కనిపించగానే దాన్ని బిగించెయ్యాలనిపిస్తుంది. ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ మధ్యలో పట్టేస్తుంది, మలుపు తిరిగాక తిరిగి నేరుగా రాదు. ఘాట్ రోడ్డులో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ బాక్సు బిగించిన చోట ఛాసిస్ పగిలి ఉంటే మంచి వెల్డర్ దగ్గరికే వెళ్లాలి. వంగిన హౌసింగ్, డిఫరెన్షియల్ లోపలి క్రౌన్ పినియన్ గేర్ల సెట్టింగ్, ప్రెస్ మీద ఎక్కించే బుష్షులు కూడా అంతే. టై రాడ్ ఎండ్లు మీరే మార్చుకోవచ్చు, కానీ పుల్లర్‌తో తియ్యండి, నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ను తప్పకుండా వెయ్యండి, తర్వాత అలైన్‌మెంట్ షాపులో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయనేది) చూపించండి. జిప్సీకి ముందు రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్ కాబట్టి సర్దుబాటు చేసేది టో ఒక్కటే. వాళ్లు క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలిందనేది) కూడా సెట్ చేశామని బిల్లు వేస్తే ఎలా చేశారో అడగండి.

ఇదంతా జిప్సీ లాంటి బండికే చెప్తున్నాను. 2020 తర్వాతి మహీంద్రా థార్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), డబుల్ విష్‌బోన్లు (చక్రాన్ని పైనా కిందా పట్టుకునే రెండు చేతులు) ఉంటాయి. అక్కడ స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా చెయ్యి పెడితే ప్రమాదం, అలైన్‌మెంట్ కోణాలూ ఎక్కువ, వారంటీ సంగతి సరే సరి. 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈ మోడల్‌లో ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి. వాటిలో బిగుసుకుని ఉన్న బలం తెలియకుండా బోల్టు తియ్యకూడదు. ఆ బండ్లకైతే జబ్బు తేల్చుకోవడం మీ వంతు, పని మెకానిక్ వంతు.

మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు కూడా ఒక పద్ధతి పెట్టుకోండి. బేరింగులు, సీళ్లు మీరే మంచి కంపెనీవి కొని తీసుకెళ్లండి. జిప్సీ 2019కల్లా షోరూముల నుంచి వెళ్లిపోయింది, స్పేర్లు మాత్రం సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ వెతికితే దొరుకుతాయి. నకిలీ డబ్బాలూ ఉంటాయి, కాబట్టి పాత బేరింగ్ చేతిలో పట్టుకెళ్లి దాని మీది నంబరు, అంచు నునుపు పోల్చి చూసి కొనండి. విప్పేటప్పుడు దగ్గరుండండి, పాత సామాన్లు వెనక్కి తీసుకోండి. కూలీ దగ్గర మాత్రం బేరం ఆడకండి. అలా దగ్గరుండి చూసినప్పుడే నాకూ ఒక పెద్ద మేస్త్రీ వీల్ బేరింగ్ బిగించే తీరు నేర్పారు. చక్రం తిప్పుతూ బిగించి రోలర్లు కూర్చోనిచ్చి, వదులు చేసి, మళ్లీ లెక్క ప్రకారం బిగించి, లాక్ వాషర్ మడవడం. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ లేపి చూడమన్నారు, ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

మీ ఎడమ నకిల్ విప్పి చూసేదాకా ఘాట్ ఎక్కకండి, ఫోర్ వీల్ వేసి వాగుల్లోకి దిగకండి. బ్రేకు తొక్కి ఊపినప్పుడు ఆట పోయిందో మిగిలిందో, కారేది ఏ నూనో ఇక్కడ రాయండి. అది తెలిస్తే ముందు ఏ సామాను కొనాలో చెప్తాను.