రికార్డు మీద ‘బేబీ’ అని ఉంటే

ప్రశ్న: మొన్న జుమ్మెరాత్ బజార్‌లో 200 రూపాయలు పెట్టి పాత గ్రామఫోను రికార్డు ఒకటి కొన్నాను. లేబుల్ సగం చిరిగిపోయింది, ‘బేబీ’ అన్న మాట ఒక్కటే కనబడుతోంది, అంటే పాడింది చిన్నపిల్ల అన్నమాట. అంత చిన్న వయసులో రికార్డులు ఇచ్చిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారండీ?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: మీ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన ఇద్దరు 2025 దాకా మన ఊళ్ళోనే ఉన్నారమ్మా, మనమే వెళ్ళి అడగలేదు.

1936లో సి. పుల్లయ్య గారు అందరూ పిల్లలతోనే ‘సతీ అనసూయ’ తీశారు. అందులో అనసూయ సి. కృష్ణవేణి. గంగ వేషం రావు బాలసరస్వతీదేవిది, ఆవిడ అప్పటికే, అంటే ఆరేళ్ళ వయసులోనే, సోలో రికార్డు ఇచ్చేసింది. ఇద్దరూ తర్వాత జమీందారుల ఇళ్ళకే కోడళ్ళుగా వెళ్ళారు. కృష్ణవేణి గారి భర్త మీర్జాపురం రాజా, ఆయనకి సొంత స్టూడియో ఉంది, కాబట్టి ఆవిడ నటించారు, పాడారు, నిర్మాత కూడా అయ్యారు, 1949లో ‘మన దేశం’ తీసి ఎన్టీఆర్‌ని తెరకి పరిచయం చేశారు. బాలసరస్వతి గారు 1944లో కోలంక సంస్థానానికి వెళ్ళారు. అప్పటికే సినిమాలో వేరే నటికి గొంతిచ్చిన తొలి తెలుగు గాయనిగా పేరు. పెళ్ళయ్యాక కూడా కొన్నేళ్ళు పాడారు గానీ పాటలు మెల్లమెల్లగా తగ్గిపోయాయి, రాణీగారయ్యారు కదా, ఇంకేం కావాలి అనుకున్నవాళ్ళే ఎక్కువ. ఇద్దరి గొంతుల్లోనూ లోటేమీ లేదు, మెట్టిన ఇళ్ళే వేరు. ఇద్దరూ నిండు వయసులో ఒకే ఏడాది, 2025లో, హైదరాబాదులోనే పోయారు, ఒకరు ఫిబ్రవరిలో, ఒకరు అక్టోబరులో.

జిక్కీ కథా ఇలాగే చూడండి. 1943లో ‘పంతులమ్మ’లో చిన్నపిల్లగా తెరమీదికొచ్చింది. పెళ్ళాడింది ఇంకో గాయకుడిని, ఎ.ఎం. రాజాని, అందుకని పాట ఇంట్లోంచి పోలేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తొలి రికార్డు పదేళ్ళప్పటిది, వాళ్ళమ్మ షణ్ముఖవడివు వీణ వాయించారట. సుబ్బులక్ష్మి కచేరీల సంగతులన్నీ భర్త సదాశివమే చూసుకున్నారు. మా మేనత్త కూడా రేడియో అన్నయ్య గారి బాలానందంలో పాడిందట. ఆవిడ పాట నేను విన్నది మాత్రం పేరంటాల్లో మంగళహారతి పళ్ళెం దగ్గరే.

మగపిల్లల టెన్షన్ వేరు, వాళ్ళకి గొంతు మారుతుంది. అది దాటినవాళ్ళలో మనవాడు బాలమురళీకృష్ణ. ఎనిమిదేళ్ళకే బెజవాడలో కచేరీ చేస్తే విని, ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు మురళీకృష్ణ ముందు ‘బాల’ తగిలించారు, 86 ఏళ్ళొచ్చినా ఆ ‘బాల’ ఊడలేదు. హిందుస్తానీ గాయకుడు కుమార్ గంధర్వ చిన్నప్పుడు పెద్ద విద్వాంసుల రికార్డులు విని అచ్చం వాళ్ళలాగే పాడి జనాన్ని నోరెళ్ళబెట్టించేవాడు. ఆయన్ని గొంతు మారడం కాదు, క్షయ పడగొట్టింది. దేవాస్‌లో మంచాన పడి ఏళ్ళ తరబడి పాడకూడదన్నారు. స్ట్రెప్టోమైసిన్ మందు వచ్చి కోలుకున్నాక 1950ల్లో మళ్ళీ పాడాడు, ఈసారి ఎవరిలాగానూ కాదు.

ఇవన్నీ పేరొచ్చినవాళ్ళ కథలు. 1925 ప్రాంతంలో మైకు రాకముందు పెద్ద బాకాలోకి గట్టిగా పాడాల్సి వచ్చేది, మైకొచ్చాక సన్నటి గొంతులూ బాగా పట్టాయి, పిల్లల చేత పాడించడం తేలికైంది. ఒకటో రెండో రికార్డులిచ్చి ఆగిపోయిన పిల్లల పేరు ఆ లేబుల్ మీద తప్ప ఇంకెక్కడా దొరకదు. మీ లేబులేమో చిరిగిపోయింది.

ప్రశ్న: బాల గాయకుడు మాస్టర్ మదన్‌కి పాలల్లో పాదరసం కలిపి ఇచ్చారంటారు, నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, నల్లకుంట

జవాబు: పుకారు బాబూ. రుజువు ఎవరూ చూపించలేదు. 1927 డిసెంబరులో పంజాబులో పుట్టాడు, 1942 జూన్‌లో సిమ్లాలో పోయాడు, పద్నాలుగేళ్ళు నిండాయంతే. దొరికిన పాటలు ఎనిమిది. చిన్న వయసులో అంత బాగా పాడినవాడు పోతే జబ్బుతో పోయాడంటే మనకి నచ్చదు, ఎవరో అసూయపడి ఉండాల్సిందే! ఆ కథ వదిలేయండి. ఉర్దూ కవి సాగర్ నిజామీ గజళ్ళు రెండు పాడాడు, అవి వినండి, యూట్యూబులో ఉన్నాయి.

ప్రశ్న: తాతగారి పెట్టెలో పాతిక దాకా పాత రికార్డులు దొరికాయి. దుమ్ము పట్టి ఉన్నాయి. మా అబ్బాయి శానిటైజర్‌తో తుడుస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, వారాసిగూడ

జవాబు: వెంటనే ఆపండి! అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది, దాంతోపాటు పాట కూడా. మెత్తటి గుడ్డని కొంచెం తడిపి గట్టిగా పిండి, గాళ్ళ వెంబడి గుండ్రంగా తుడవండి, లేబుల్‌కి తడి తగలనివ్వకండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. గ్రామఫోను ఉంటే ఉక్కు ముల్లు ప్రతి వైపుకీ మార్చాలి. ఎల్పీ ప్లేయర్ మీద పెట్టాలంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే స్పీడు ఉండాలి, సూది కూడా లావుది వేరే కావాలి.

తుడిచాక లేబుల్ చుట్టూ లక్కలో చెక్కిన అంకెలు కనబడతాయి, నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. చిక్కడపల్లి అమ్మా, మీకూ ఇదే చెబుతున్నా. లేబుల్ చిరిగినా ఆ అంకెలు చెరగవు, కంపెనీ పాత కేటలాగ్ దొరికితే మీ ‘బేబీ’ పేరు అందులో ఉండొచ్చు.