మీరడిగారు: బేగంపేట డకోటాల నుంచి టాటాల బేరం దాకా

పోయిన నెల బేగంపేట విమానాశ్రయం గురించి రెండు ముక్కలు రాశానో లేదో, తేనెతుట్టె కదిలినట్టయింది. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎయిర్ ఇండియా మీదే. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఐదింటికి జవాబులు.

*మా మామగారికి 84 ఏళ్లు. ఒకప్పుడు హైదరాబాదుకి సొంత విమానాల కంపెనీ ఉండేదని చెబుతుంటారు. పిల్లలు నమ్మట్లేదు, నవ్వుతున్నారు. నిజమేనా సార్?*
– ఒక పాఠకురాలు, బోయిన్‌పల్లి

నవ్వడం ఆపమనండమ్మా, పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. పేరు దక్కన్ ఎయిర్‌వేస్. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టారు, మకాం బేగంపేట. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యానికి అక్కర్లేని డకోటా విమానాలు చవగ్గా దొరికేవి, దేశంలో చాలా కంపెనీలు వాటితోనే దుకాణం తెరిచాయి, మనదీ అదే కథ. ఇక్కణ్నుంచి మద్రాసు, బెంగళూరు, ఢిల్లీ దాకా తిరిగేవి. 1948 పోలీసు చర్యతో నిజాం ప్రభుత్వమే పోయింది కానీ కంపెనీ మాత్రం ఇంకో ఐదేళ్లు నడిచింది.

పిల్లలకి ఇది కూడా చెప్పండి. ప్రేమ్ మాథుర్ అని ఒకావిడ చేతిలో లైసెన్సు పెట్టుకుని ఉద్యోగం కోసం తిరిగితే, ఆడమనిషి నడిపే విమానం జనం ఎక్కరని కంపెనీలన్నీ తిప్పి పంపాయి. చివరికి తీసుకున్నది మన దక్కన్ ఎయిర్‌వేసే. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ఆవిడే. మరీ పొంగిపోకండి, కో-పైలట్ సీటు ఇచ్చారు గానీ కెప్టెన్ సీటు ఇవ్వలేదు, అందుకే ఆవిడ వెళ్లిపోయారు.

1953లో పార్లమెంటు చట్టం చేసి విమాన కంపెనీలన్నిటినీ జాతీయం చేసింది. ఆగస్టు 1న దక్కన్‌తో సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయిపోయాయి, విదేశీ సర్వీసులు ఎయిర్ ఇండియాకి. ఆ తర్వాత కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సిమ్యులేటర్ మీద శిక్షణకి హైదరాబాదే వచ్చేవారు. ఆ సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ మీకు దగ్గర్లోనే, బేగంపేట రన్‌వే పక్కన.

*61 వేల కోట్ల అప్పున్న కంపెనీని 18 వేల కోట్లకే టాటాలకి ఇచ్చేశారు. ఇంత అగ్గువకా? అసలు అంత అప్పు ఎలా అయింది?*
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి

మీరు బ్యాంకులో చేసినవారు కాబట్టి లెక్క సూటిగా చెబుతాను. 2021 ఆగస్టు చివరికి ఎయిర్ ఇండియా అప్పు 61,562 కోట్లు. టాటాలు వేసిన 18,000 కోట్ల పాటలో 15,300 కోట్లు అప్పు నెత్తిన పెట్టుకోవడం, చేతికిచ్చిన నగదు 2,700 కోట్లే. మిగిలిన 46,262 కోట్లు ప్రభుత్వం వేరే కంపెనీకి బదిలీ చేసింది, అంటే మన నెత్తిన. అగ్గువే కదా అంటారు. కానీ 2018లో 76 శాతం వాటా అమ్మకానికి పెడితే ఒక్కడూ రాలేదు, మరోపక్క రోజుకు 20 కోట్ల దాకా నష్టం. పాలివ్వని గేదెకి రోజూ దాణా వేస్తూ మంచి బేరం కోసం ఎన్నాళ్లు కూర్చుంటాం?

ఇక అప్పు సంగతి. ప్రభుత్వం చేతికి వెళ్లగానే పాడైపోయిందనే మాట నేను ఒప్పుకోను. ఆ కంపెనీని పెట్టి, జాతీయం చెయ్యొద్దని వాదించిన జేఆర్‌డీ టాటాయే, చేశాక 25 ఏళ్లు ఛైర్మన్‌గా కూర్చుని విమానంలో ఇచ్చే టీ రంగు దగ్గర్నుంచీ పట్టించుకున్నారు. 1960లోనే ఎయిర్ ఇండియా జెట్ విమానం నడిపింది, అప్పుడూ అది ప్రభుత్వానిదే మరి. 1978లో మొరార్జీ ప్రభుత్వం ఆయన్ని తప్పించింది.

అసలు దెబ్బ 2005 తర్వాత. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండిటికీ కలిపి 111 కొత్త విమానాలు ఆర్డర్ ఇచ్చారు, ఎక్కువ భాగం అప్పు మీదే. ఆ వెంటనే 2007లో రెండిటినీ కలిపేశారు. ఒకరివి బోయింగులు, ఇంకొకరివి ఎయిర్‌బస్‌లు, జీతాల లెక్కలు వేరు, ప్రమోషన్ల వరస వేరు. కాగితం మీద పెళ్లయింది, కాపురం మాత్రం కుదరలేదు. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు జీతాలు సమానం చెయ్యమని సమ్మె కట్టారు, 2012లో పాత ఎయిర్ ఇండియా పైలట్లు కొత్త బోయింగ్ విమానం డ్రీమ్‌లైనర్ మీద శిక్షణ ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లకెందుకిస్తారని 58 రోజులు. ఈలోపు గల్ఫ్ విమానాలు, చవక టికెట్ల కంపెనీలు ప్రయాణికుల్ని పట్టుకుపోయాయి, వడ్డీ మాత్రం ఎవరికోసమూ ఆగదు కదా. పైగా ఎవరూ తేల్చని ప్రశ్న ఒకటుంది: ఇది లాభం కోసం నడిపే వ్యాపారమా, నష్టమైనా నడపాల్సిన సేవా? లాభం రాకపోతే వ్యాపారమని తిట్టేవాళ్లు, రూటు మూసేస్తామంటే సేవ అని ఆపేవాళ్లు.

*మా నాన్న 1990లో కువైట్ నుంచి ఎయిర్ ఇండియాలోనే వచ్చాడు. ఆ సంగతి ఇప్పటి పిల్లలకి ఎవరూ చెప్పరు. మీరు రాయండి.*
– జగిత్యాల నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఉంటున్న పాఠకుడు

రాస్తాను తమ్ముడూ. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడున్న మనవాళ్లు సామాను, జీతం బకాయిలు వదిలేసి బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అక్కడ అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు 59 రోజుల్లో 488 సార్లు తిరిగి లక్షా 11 వేల మందికి పైగా తెచ్చాయి. గిన్నిస్ రికార్డు కూడా ఉంది. సగటున రోజుకి ఎనిమిది విమానాలు, రెండు నెలలు! పై ఉత్తరంలో పెద్దమనిషి అడిగిన లాభనష్టాల పట్టికలో ఇది ఏ వరసలో రాయాలో నాకు తెలీదు. మీ నాన్నగారు ఉంటే ఆయన్నే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ముందు ఆ పని చూడండి.

*ఎయిర్ ఇండియా పోయింది కదా, ఇక ప్రభుత్వానికి విమానాలే లేవా?*
– డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

ఉన్నాయి. ఎయిర్ ఇండియా కింద ఉండే అలయన్స్ ఎయిర్‌ని ఆ అమ్మకంలో కలపలేదు. రెక్కలకి ఫ్యాన్లున్న చిన్న ఏటీఆర్ విమానాలు, పెద్ద కంపెనీలు పట్టించుకోని ఊళ్లకి ఎక్కువగా తిరుగుతుంది. 2017లో చిన్న ఊళ్లకి చవగ్గా విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదటి రోజున సిమ్లా–ఢిల్లీ విమానం నడిపింది ఇదే.

*మన విమానాల మీద వీటీ అని ఉంటుంది. వైస్రాయ్ టెరిటరీ అని వాట్సాప్‌లో వచ్చింది. ఇంకా ఆ బానిసత్వమేనా?*
– ఒక పాఠకుడు, వారాసిగూడ

ఆ అక్షరాలు బ్రిటిష్ కాలంలో వచ్చిన మాట నిజం. కానీ వైస్రాయ్ కథ కల్పితం. రేడియో పిలుపుల కోసం దేశాలకి అక్షరాలు పంచినప్పుడు మనకి వీటీ వచ్చింది, అవి ఏ మాటకీ పొడి అక్షరాలు కావు. పాకిస్తాన్‌కి ఏపీ వచ్చింది, దానికేం అర్థం చెబుతారో మీ గ్రూపులో అడిగి చూడండి.