సందేహాలు – సమాధానాలు: తడి వేరు, పదును వేరు

సందేహం: అంటార్కిటికా నేలల గురించి ఒక సైన్సు వ్యాసం రాస్తున్నాను. అందులో ‘ధృవ ఎడారుల్లో నిస్సార భూగర్భ జలాలు నేలలోని జీవాన్ని పోషిస్తాయి’ అని ఒక వాక్యం ఉంది. అది చదివిన మిత్రుడు మూడు అభ్యంతరాలు చెప్పాడు. మంచు ఉన్న చోటు ఎడారి ఎలా అవుతుంది? భూగర్భ జలం అంటే ఎక్కడో లోతున ఉండేది కదా, మూరెడు లోతు తడికి ఆ మాట పొసగుతుందా? నీటికి నిస్సారమేమిటి? వాక్యం ఎలా ఉంటే బాగుంటుందో చెప్పగలరు. – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ‘నిస్సార’ సంగతి తేల్చేద్దాం. సారం లేనిది నిస్సారం. ఇంగ్లీషులో ‘షాలో’ అనే మాటకు లోతు లేనిది అని ఒక అర్థం, పస లేనిది అని ఇంకో అర్థం ఉన్నాయి. రెండో అర్థానికి సరిపోయే మాటను యంత్రానువాదాలు మొదటిదానికి కూడా తగిలిస్తున్నాయి. దాంతో నిస్సారమైన చెరువులు, నిస్సారమైన సముద్రాలు మన వ్యాసాల్లోకి వచ్చేస్తున్నాయి. ఇది అచ్చమైన తప్పు. లోతు తక్కువైతే ‘లోతు తక్కువ’ అనండి, చాలు. సంస్కృతంలో దీనికి ‘గాధం’ అని చక్కటి మాట ఉంది. కాళ్ళకు నేల అందే నీరు గాధం, అందనిది అగాధం. మనం అగాధాన్ని తెచ్చుకుని గాధాన్ని అక్కడే వదిలేశాం. ఇప్పుడు తెచ్చి పెట్టినా పాఠకులు ‘గాథ’ అనుకుంటారు, కనక వద్దు. పైగా మీరు చెబుతున్న నీరు సారం లేనిది కానే కాదు. దోవలో కరిగించుకున్న లవణాలన్నిటినీ మోసుకుంటూ వస్తుంది. అసలు కథంతా ఆ లవణాల్లోనే ఉంది, కాసేపట్లో అక్కడికే వస్తాను.

ఇంకో చిన్న దిద్దుబాటు. ‘ధృవ’ కాదు, ‘ధ్రువ’. ధకు రావత్తు, దాని మీద ఉకారం. ధ్రువీకరణ, ధ్రువతార – అన్నీ ఇంతే. ‘ధ్రువ ఎడారి’ అనే సమాసాన్ని, సంస్కృత పదాన్ని తెలుగు పదంతో అతికించిన వైరి సమాసమని కొందరు తప్పుపట్టవచ్చు. ఈనాటి వచనంలో నాకైతే అభ్యంతరం లేదు. అయితే ‘ధ్రువప్రాంతపు ఎడారి’ అంటే నోటికి సాఫీగా ఉంటుంది.

ఇక ఎడారి. ఈ మాట వినగానే మనకు ఇసుక దిబ్బలు, ఎర్రటి ఎండ కళ్ళకు కడతాయి. కానీ మాటలో ఇసుకా లేదు, వేడీ లేదు. సంస్కృతంలోని ‘మరు’ శబ్దం చూడండి. చావును చెప్పే మృ ధాతువు నుంచి వచ్చింది. ప్రాణులు చనిపోయే చోటు అని దాని వ్యుత్పత్తి. అమరకోశం ‘సమానౌ మరుధన్వానౌ’ అని దీనికి ధన్వాన్ని పర్యాయంగా ఇచ్చింది. ఇక్కడ కూడా ఇసుక ప్రసక్తి లేదు. సైన్సు కూడా వానను చూస్తుంది తప్ప ఇసుకను చూడదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వానో మంచో పడే చోటును ఎడారి అనడం వాడుక. అంటార్కిటికాలోని మెక్‌మర్డో పొడిలోయల అడుగున ఏడాది పొడుగునా పడే మంచును నీటి లెక్కలో కొలిస్తే 50 మిల్లీమీటర్లు దాటదు. అందులోనూ చాలా భాగం కరగనైనా కరగదు. గాలి అంత పొడిగా ఉంటుంది, మంచు నేరుగా ఆవిరైపోతుంది. 1903లో ఆ పొడిలోయల్లో ఒకటైన టేలర్ లోయలోకి దిగిన బ్రిటిష్ అన్వేషకుడు రాబర్ట్ స్కాట్ దాన్ని మృతుల లోయ అన్నాడు. మన ‘మరు’ శబ్దం తెలియకుండానే సరిగ్గా ఆ అర్థాన్నే పట్టుకున్నాడు. కాబట్టి మిత్రుడి మొదటి అభ్యంతరం నిలవదు, ఎడారి అని నిశ్చింతగా రాయండి.

రెండో అభ్యంతరంలో మాత్రం పస ఉంది. నేల పైపొర కింద, మట్టి సందులన్నీ నిండేలా ఉన్న నీరు ఏ లోతులో ఉన్నా శాస్త్రం దాన్ని భూగర్భ జలమే అంటుంది. పారిభాషిక పదంగా మీరు రాసింది తప్పు కాదు. కానీ పాఠకుడికి గర్భం అంటే లోలోపలిది. భూగర్భం అనగానే మనసు వందల అడుగుల కిందికి వెళ్ళిపోతుంది. పొడిలోయల్లో జరిగేది వేరు. డిసెంబరు, జనవరి అక్కడ వేసవి. సూర్యుడు అస్తమించని ఆ రోజుల్లో నేల పైపొర కరుగుతుంది. ఆ పొర మందం సాధారణంగా మీటరు కూడా ఉండదు. కింద ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉన్న నేల నీటిని దిగనివ్వదు. మంచు కరిగిన నీరు, నేలలోనే ఉన్న మంచుగడ్డ కరిగిన నీరు ఆ గట్టి అడుగు మీదుగా, మట్టి రేణువుల సందుల్లోంచి వాలు వెంట మెల్లగా జారుతుంది. పైన పారే నీళ్ళంటూ ఏమీ కనబడవు. లేత రంగు గులకనేల మీద ఒకటి నుంచి మూడు మీటర్ల వెడల్పున నల్లటి చార ఒకటి కొండవాలు మీంచి లోయలోకి దిగుతూ కనబడుతుంది. కొన్ని చారలు కిలోమీటరు దాటి కూడా సాగుతాయి.

ఈ నీటికి తెలుగులో మాట వెతుక్కోవాల్సిన పనే లేదు. ఇది ఊట. ఊరేది ఊట, తేరేది తేట. రెండూ ఒకే తీరున పుట్టిన మాటలు. అడుగున గట్టి పొర ఉండటం, మట్టిలోంచి నీరు మెల్లగా రావడం, పైకి చెమ్మగానే తెలియడం – ఇవన్నీ ‘ఊట’ అనే రెండక్షరాల్లో ఉన్నాయి. ‘లోతులేని భూగర్భ జలం’ అనే పదబంధాన్ని వ్యాసం మొదట్లో ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత ‘పైపొర ఊట’ అని వాడుకోండి. నేల మీద కనిపించే ఆ నల్లటి గుర్తులను ‘తడిచారలు’ అంటే చూడని వాళ్ళకు కూడా కనబడతాయి.

అడుగున గడ్డకట్టిన ఆ నేలను ఇంగ్లీషులో ‘పెర్మాఫ్రాస్ట్’ అంటారు, దాన్ని తెలుగులో ‘శాశ్వత మంచు’ అని రాస్తున్నారు. అలా రాయకండి. వరసగా రెండేళ్ళు, అంతకు మించి సున్నా డిగ్రీల్లోనో ఇంకా తక్కువలోనో ఉన్న నేలకు ఆ శాస్త్రపదం వర్తిస్తుంది. అందులో మంచు ఉండి తీరాలని లేదు. పొడిలోయల్లో చుక్క మంచు లేకుండా, ఎండుమట్టిగానే అంత చల్లగా ఉన్న నేల కూడా ఉంది. ‘నిత్యశీతల నేల’ అంటే ఈ రెండూ ఇముడుతాయి.

ఇప్పుడు మీ మిత్రుడు అడగని విషయం. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ‘పోషిస్తాయి’ అనే క్రియ. ఎడారిలో నీరు కనబడగానే జీవం కళకళలాడుతుందని మనం అనుకుంటాం. కొన్నిచోట్ల అది నిజమే. కెనడా ఉత్తరాన డెవన్ దీవిలో ట్రూలవ్ అనే పల్లపు ప్రాంతం ఉంది. కరిగిన నీరు కిందికి ఇంకక అక్కడ పచ్చిక పెరుగుతుంది. చుట్టూ ఉన్న ధ్రువపు ఎడారిలో అదొక పచ్చటి మడుగులా ఉంటుంది. దాని గురించి రాస్తే ‘పోషిస్తాయి’ అనొచ్చు.

పొడిలోయల తీరు వేరు. కడిగి తీసుకుపోయే వానలు లేక ఆ నేలల్లో యుగాల తరబడి లవణాలు పేరుకున్నాయి. వాటిలో కాల్షియం క్లోరైడ్ లాంటివి గాలిలోని తేమను కూడా లాక్కుని తడిసిపోతాయి. ఊట వాటిని కరిగించుకుని చిక్కబడుతుంది, సున్నాకన్నా కింద కూడా గడ్డకట్టదు. కానీ అంత ఉప్పు నీటిలో జీవకణం లోపలి నీరే బయటికి పోతుంది. చుట్టూ నీరు ఉండగానే కణం ఎండిపోతుంది. రైట్ లోయలోని డాన్ హువాన్ మడుగు దీనికి చివరి హద్దు. అందులో ఉప్పు 40 శాతం దాటుతుంది.

అందుకే తడిచార ఉన్నచోటల్లా జీవులు ఎక్కువ ఉంటాయనుకోకూడదు. ఉప్పు తక్కువగా ఉన్న ఊట దగ్గర నాచు, నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవుల పొరలు పెరగొచ్చు. ప్లెక్టస్, యూడోరిలైమస్ అనే నులిపురుగులు తడిచోట్లనే కోరుకుంటాయి. స్కాట్‌నెమా లిండ్సేయే అనే ఇంకో నులిపురుగు, మిల్లీమీటరు పొడుగు కూడా లేనిది, పొడినేలల్లోనే ఎక్కువ. మరీ ఎండిపోతే ఒంట్లోని నీరు దాదాపుగా వదిలేసి, చుట్టలా చుట్టుకుని, మళ్ళీ తడి తగిలేదాకా అలాగే ఉండిపోతుంది. దాన్ని ‘పాడైన నేలలో బతికే పురుగు’ అనుకోకూడదు. దానికి ఆ పొడినేలే ఇల్లు. అక్కడికి ఊట వస్తే దాని సంఖ్య తగ్గి ఇంకో పురుగు రావచ్చు. ఊటలో ఉప్పు మరీ ఎక్కువైతే ఏదీ మిగలకపోవచ్చు.

ఈ సంగతి చెప్పడానికి తెలుగులో ఎంత మంచి జంట మాటలున్నాయో చూడండి. తడి అంటే నీరు తగలడం, అంతే. పదును అంటే గింజ మొలవడానికి సరిపడే తడి. ఎక్కువైనా పదును పోతుంది, తక్కువైనా పోతుంది. ఉప్పు తేలిన నేలకు చౌడు అని వేరే పేరే ఉంది. శాస్త్రజ్ఞులు పేరాలకు పేరాలు రాసి చెప్పేదాన్ని మీరు ‘ఆ చారలో తడి ఉంది, పదును లేదు’ అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ‘జీవలభ్య జలం’ లాంటి కొత్త సమాసం పుట్టించే ముందు ఈ పాత మాటను ఒకసారి తలుచుకోండి.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘ధ్రువప్రాంతపు ఎడారుల్లో ఏ జీవి ఎక్కడ బతకగలదో చాలావరకు నేల పైపొరలోని ఊటను బట్టే ఉంటుంది. ఊట ఉప్పదైతే తడి ఉన్నా పదును ఉండదు.’ రెండు వాక్యాలయ్యాయి, పరవాలేదు. ‘జీవాన్ని’ తీసేసి ‘ఏ జీవి’ అన్నది కావాలనే. అక్కడి నేలలో బతికేవి ఎన్నో రకాలు, వాటికి కావలసిన తడి కూడా ఒక్కలా ఉండదు.