మా పాప 2060 నాటి కొల్లేరును గీస్తోంది, మాన్పించాలా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. మూడు చెరువులు లీజుకు తీసుకుని చేపలు పెంచుతున్నాను. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. సెలవుల్లో ఒక శిబిరానికి వెళ్ళింది. అక్కడ ఆరుగురు పిల్లలు కలిసి ‘2060లో కొల్లేరు’ అని ఒక ఊహాలోకం కట్టారట. శిబిరం అయిపోయినా ఆదివారం వస్తే చాలు, ఆరుగురూ మా ఇంటికి చేరి చార్టుల మీద పటాలు గీస్తూ గట్టిగా వాదించుకుంటున్నారు. ఈమధ్య వీక్లీ టెస్టుల్లో పాపకు ఫిజిక్స్ మార్కులు తగ్గాయి. మాన్పించాలా? అసలు దీనితో ముందుకెళితే చదువు, ఉద్యోగం అంటూ ఏమైనా ఉన్నాయా?

జవాబు: మాన్పించకండి. ముందు ఫిజిక్స్ సంగతి. పాపతో కూర్చుని టెస్టు పేపర్లు తిరగేయండి, ఏ చాప్టర్‌లో మార్కులు పోతున్నాయో చూసి లెక్చరర్‌ని కలవండి. ఆదివారం ఆటను మూడు గంటలకు పరిమితం చేయండి. అంతకు మించి ఈ రెండింటినీ ముడిపెడితే పాప మీ దగ్గర మార్కులూ దాస్తుంది, చార్టులూ దాస్తుంది.

ఆట అన్నాను గానీ, పెద్దపెద్దవాళ్ళు దీన్ని పనిగా చేశారు. షెల్ చమురు కంపెనీలో పియర్ వాక్ అనే ఆయన బృందం 1970ల మొదట్లో ‘చమురు ఇచ్చే దేశాలు సరఫరా బిగిస్తే ఏమవుతుంది’ అని కథలు కట్టి మేనేజర్ల ముందు పెట్టింది. 1973లో నిజంగానే అరబ్ దేశాలు బిగించాయి, ధర కొద్ది నెలల్లో దాదాపు నాలుగింతలైంది. ఆ రోజు కోసం ముందే ఆలోచించి పెట్టుకున్న కొద్దిమందిలో షెల్ వాళ్ళున్నారు.

నాకు ఇంతకన్నా ఇష్టమైన ఉదాహరణ దక్షిణాఫ్రికాది. 1991–92లో, మండేలా జైలు నుంచి బయటికొచ్చినా నల్లవాళ్ళకూ ఓటున్న ఎన్నికలు ఇంకా జరగని రోజుల్లో, కేప్‌టౌన్ దగ్గర మాంట్ ఫ్లూర్ అనే చోట 22 మంది కలిశారు. ఉద్యమకారులు, కార్మిక నాయకులు, కంపెనీల వాళ్ళు, ప్రొఫెసర్లు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని మనుషులు. షెల్ నుంచి వచ్చిన ఆడమ్ కహానే ఆ సమావేశాలు నడిపారు. అక్కడ ‘ఇలా జరగాలి’ అనకూడదు, ‘ఇలా జరగవచ్చు’ అనే చెప్పాలి. ఎవరైనా ఒక కథ చెబితే ‘ఎందుకలా జరుగుతుంది, ఆ తర్వాత ఏమవుతుంది’ అని అడగొచ్చు. అలా నాలుగు కథలు మిగిలాయి. తెల్లవాళ్ళ ప్రభుత్వం నిప్పుకోడిలా ఇసుకలో తల దూర్చి చర్చలకు రాకపోవడం ఒకటి. అధికార మార్పిడి కుంటిబాతులా ఈడ్చుకుపోవడం రెండోది. మూడోదానికి ఇకారస్ అని పేరు, గ్రీకు కథలో సూర్యుడికి మరీ దగ్గరగా ఎగిరి రెక్కల మైనం కరిగి పడిపోయినవాడు. కొత్త ప్రభుత్వం ఎడాపెడా ఖర్చుపెట్టి కూలిపోవడం అన్నమాట. నాలుగోది ఫ్లెమింగోల గుంపు, మన పులికాట్‌కు వచ్చే పక్షులే, నెమ్మదిగా అయినా అన్నీ కలిసి పైకి లేస్తాయి. ఆ 22 మందిలో ఉన్న ట్రెవర్ మాన్యుయెల్ తర్వాత ఆర్థిక మంత్రి అయ్యారు, టిటో ఎంబోవెనీ రిజర్వు బ్యాంకు గవర్నర్ అయ్యారు.

మీ ఇంట్లో ఆరుగురు పిల్లలు చేస్తున్నది ఆ పనే. అందుకే వాదన లేకుండా కట్టిన లోకం నాకు అనుమానమే. ఎగిరే కార్లు, అద్దాల మేడలు గీసి ఊరుకుంటే అది చార్టు వరకే. ‘ఉప్పుటేరు ఎదురెక్కి సముద్రం నీళ్ళు ఇంకా లోపలికొస్తే మంచినీటి చేప ఉంటుందా? లేకపోతే బొచ్చె, శీలావతి పెంచేవాళ్ళు రొయ్యకు మారతారా? రొయ్యకు పెట్టుబడి ఎవరిస్తారు? పక్కనున్న వరి రైతు ఉప్పు గురించి ఎవరితో గొడవపడతాడు?’ ఇలా ఒక మార్పు పట్టుకుని నాలుగడుగులు నడవడం నేర్చుకుంటే మాత్రం, అది కోచింగ్‌లో దొరికే చదువు కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు దిగువకు వచ్చి కలిసేది కొల్లేరులోనే. పై ఊళ్ళో కట్టే గోడ ఫలితం మీ చెరువు గట్టు మీద కనబడుతుందని పదహారేళ్ళకే అర్థమైన పిల్ల రేపు ఏ పని చేసినా బాగా చేస్తుంది.

ఇక ఉద్యోగం. ‘ఊహాలోకాలు కట్టేవారు కావలెను’ అని మన దగ్గర ప్రకటన రాదు. దీని కోసమే ఉందంటూ ఎవరైనా లక్షల ఫీజు కోర్సు చూపిస్తే, చేర్చే ముందు రెండుసార్లు ఆలోచించండి. మీరు చూడాల్సింది గుంపులో మీ పాప ఏ పని పట్టుకుంటుందో. ఒక ఆదివారం అక్కడే పేపరు చదువుతున్నట్టు కూర్చుని గమనించండి.

పటం తన చేతిలో ఉండి, రోడ్డెక్కడ, కాలువెక్కడ, తుఫాను షెల్టరెక్కడ అని తేలుస్తుంటే బీ ప్లానింగ్, అంటే ఊళ్ళ, నగరాల ప్రణాళిక చదువు చూడండి. నాలుగేళ్ళ డిగ్రీ, విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. జేఈఈ మెయిన్ దరఖాస్తులో పేపర్ 2బీ కూడా ఎంచుకోవాలి. ఎంపీసీ పిల్లల్లో చాలామంది ఆ గడి సంగతే తెలియక వదిలేస్తారు, నాకు ఏటా బాధ కలిగించే విషయం అది. ఆ లోకంలో మనుషులు వాడే వస్తువులు, పడవలు, గుర్తులు గీస్తుంటే డిజైన్. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కు యూసీడ్ రాయాలి, దరఖాస్తులు సాధారణంగా అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి, పరీక్ష జనవరిలో. ఎన్‌ఐడీలకు, అంటే జాతీయ డిజైన్ సంస్థలకు వేరే పరీక్ష. రెండింటిలోనూ చేత్తో బొమ్మ గీయడం ఉంటుంది, కాబట్టి ఆ చార్టులు పారేయకండి. ధరలు, కూలీ, అప్పుల లెక్కలు తను వేస్తుంటే ఎకనామిక్స్. కేరళ విశ్వవిద్యాలయంలో ఫ్యూచర్స్ స్టడీస్ అని ప్రత్యేక విభాగమే ఉంది, కానీ అది డిగ్రీ తర్వాతి మాట.

వీటిలో ఏదీ కాకుండా, మాట్లాడని పిల్లవాణ్ణి మాట్లాడిస్తూ, కొట్టుకునే ఇద్దర్నీ ఒక దారికి తెస్తూ కనిపిస్తే తొందరపడి పేరు పెట్టకండి. ఆ గుణం ఏ చదువుతోనైనా కలుస్తుంది. డిగ్రీ ఎంపికకు ఇంకా ఏడాదిన్నర టైముంది.

ఒక్కటి మాత్రం మీ నుంచి కావాలి. చేపల మేతకు తవుడు, నూనెచెక్క ఖర్చెంత, ఏ నెలలో నీళ్ళ రంగు మారుతుంది, లారీలో ఐసు ఎంత దూరం ఆగుతుంది, ఈ లెక్కలు ఆ ఆరుగురిలో ఎవరికీ తెలియవు, మీకు తెలుసు. వచ్చే ఆదివారం వాళ్ళు చార్టు పరిచినప్పుడు దగ్గరకెళ్ళి, ‘అమ్మా, ఇందులో మన చెరువెక్కడుంది?’ అని అడగండి.