రెండర్‌లో లెదర్ ప్లాస్టిక్‌లా కనబడుతుంటే

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన మీ లగ్జరీ హ్యాండ్‌బ్యాగ్ ప్లాస్టిక్‌లా మెరుస్తోందని, ఫ్లాప్ అంచుల్లో బెవెల్ (అంచుని గుండ్రంగా మలచడం) ఒక్కోచోట ఒక్కోలా వస్తోందని అడిగారు కదండీ. బెవెల్ సంగతి తేలికే, ఆబ్జెక్ట్ మోడ్‌లో కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి.

అసలు తంటా లెదర్‌దే. ముందు నార్మల్ మ్యాప్ (తోలు మీది చిన్న ఎత్తుపల్లాలు చూపే ఇమేజ్) కలర్ స్పేస్ నాన్-కలర్‌లో ఉందో లేదో చూడండి. రఫ్‌నెస్‌కి (గరుకుదనం, ఇది తగ్గితే నునుపు పెరుగుతుంది) ఒకే అంకె ఇవ్వకుండా, నాయిస్ టెక్స్‌చర్ అనే చెదురుమదురు నమూనాని కలర్ ర్యాంప్ నోడ్ గుండా పంపి 0.4, 0.6 మధ్య మారేలా పెట్టండి. హ్యాండిల్ పట్టుకునే చోట ఇంకాస్త తగ్గించండి, చెయ్యి తగిలి తగిలి అక్కడ తోలు నునుపెక్కుతుంది.

కుట్టు మాత్రం గీత గీసినట్టు తిన్నగా వద్దు. ఎర్మెస్ కంపెనీ బర్కిన్ హ్యాండ్‌బ్యాగ్ మీద చూడండి, చేత్తో వేసిన శాడిల్ స్టిచ్ కాస్త ఏటవాలుగా పడుతుంది. ఒక్క కుట్టు మోడల్ చేసి, దాన్ని వరుసగా కాపీ చేసే అర్రే (Array), గీత వెంట వంచే కర్వ్ (Curve) మాడిఫయర్లతో అంచు వెంట పరిచేయండి. లోగో పెద్దది చేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి, నా మాట వినండి.