‘గుడ్డి’లో అక్షరాలెన్ని?

సందేహం: పిల్లల కోసం పదాల పజిల్స్ తయారు చేస్తుంటాను. ‘మూడక్షరాల మాట. మధ్య అక్షరం తీసేస్తే దేవుడుండే చోటు’ అని అడిగి, గుడ్డి – గుడి అని జవాబు ఇచ్చాను. గుడ్డిలో ఉన్నవి రెండే అక్షరాలు, ఈ ప్రశ్న చెల్లదు అన్నారు ఒక మిత్రుడు. ‘వాన’ను తిరగేస్తే ‘నావ’ అంటే అదీ ఒప్పుకోలేదు. ఎవరిది సరి? ఇలా అక్షరాలు తారుమారు చేసే ఆటను తెలుగులో ఏమనాలి?

సమాధానం: రెండు చోట్లా మీ మిత్రుడి మాటే సరి.

అక్షరం అన్న మాటను మనం రెండు అర్థాల్లో వాడుతున్నాం, చిక్కంతా అక్కడే. బళ్లో అచ్చులనూ హల్లులనూ అక్షరాలనే నేర్చుకుంటాం. నిజానికి అవి వర్ణాలు. పదంలో లెక్కపెట్టేటప్పుడు అక్షరమంటే ఒక అచ్చు, దానికి ముందు చేరిన హల్లులన్నీ, వెంట సున్న ఉంటే అదీ కలిపి ఒక్కటి. ‘స్త్రీ’లో స్, త్, ర్, ఈ అని నాలుగు వర్ణాలున్నాయి, అక్షరం మాత్రం ఒక్కటే. అలాగే గు, డ్డి. రెండే.

అయితే మీ చెవి మీకు చెప్పింది అబద్ధమేమీ కాదు. పలికేటప్పుడు ఆ మాట గుడ్–డి అనే విరుగుతుంది. ఛందస్సులో ‘గు’ గురువయ్యేది అందుకే. కానీ ఈ ఆట చెవితో ఆడేది కాదు, కంటితో ఆడేది. రాతలో డ్డి విడిపోదు.

ఇది నా సొంత తీర్పు కాదు. ‘సాక్షరా’ తిరగబడితే ‘రాక్షసా’ అవుతుంది, ‘సరస’ ఎటు తిప్పినా సరసమే అని ఒక పాత సంస్కృత శ్లోకం ఉంది. చదువుకున్నవాడు దారి తప్పితే రాక్షసుడే అవుతాడని దాని భావం. అందులో సా–క్ష–రా తిరగేస్తే రా–క్ష–సా అయింది. క్ష చెక్కుచెదరలేదు. వర్ణాలుగా విడదీసి తిప్పితే క్‌, ష్‌ల వరుస మారి మాటే నాశనమయ్యేది. 16వ శతాబ్దంలో సూర్యకవి సంస్కృతంలో రాసిన, ముందునుంచి చదివితే రాముడి కథ, వెనకనుంచి చదివితే కృష్ణుడి కథ అయ్యే రామకృష్ణ విలోమకావ్యం కూడా ఈ లెక్కే పాటించింది. ‘తం భూసుతాముక్తిముదారహాసం’ అన్న పాదాన్ని చివరినుంచి చదవండి: ‘సంహారదాముక్తిముతాసుభూతం’. క్తి అలాగే ఉంది, సున్న తన అక్షరాన్ని వదలలేదు. మన పింగళి సూరన కళాపూర్ణోదయంలోనూ ముందునుంచి చదివితే తెలుగు, వెనకనుంచి చదివితే సంస్కృతం అయ్యే పద్యం ఉంది. ఒక్కో అక్షరం పట్టుకుని అది చదివిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఇక వాన. గుణింతం తన హల్లును విడిచి పక్క అక్షరం మీదికి పోదు. కాబట్టి వా–న తిరగేస్తే న–వా. మీరు హల్లులను మాత్రం మార్చి, దీర్ఘాన్ని మొదటి చోటే ఉంచేశారు. వాల్మీకి కథలో ‘మరా మరా’ అంటుంటే ‘రామ రామ’ అయింది కదా, అక్కడ రా తన దీర్ఘంతోనే కదిలింది. తిరగేయడానికి ‘పలక’ ఇవ్వండి, ‘కలప’ వస్తుంది. కాస్త కలిపేయమంటే ‘నవల’లోంచి ‘వలన’ వస్తుంది.

మీ గుడ్డి–గుడి మాత్రం వృథా కానక్కర్లేదు. ‘రెండక్షరాల మాట, ఒత్తు తీస్తే దేవుడుండే చోటు’ అనండి, తప్పు పట్టేవారుండరు. ఏది తీయాలో పేరు పెట్టి చెప్పడం పూర్వులకు బాగా తెలుసు. 7వ శతాబ్దపు సంస్కృత కవి బాణుడు కాదంబరిలో శూద్రక మహారాజు కాలక్షేపాలు చెబుతూ అక్షరచ్యుతకాన్నీ మాత్రాచ్యుతకాన్నీ వేరువేరుగా పేర్కొన్నాడు. మొదటిదాంట్లో నిండు అక్షరం జారిపోతుంది, రెండోదాంట్లో మాత్ర. దీర్ఘం తీస్తే కాలం కలమవుతుంది. సున్న తీస్తే బండి బడి అవుతుంది, దాన్ని బిందుచ్యుతకం అన్నారు. చేర్చేది దత్తాక్షరం: ‘నరం’ ముందు వా చేరిస్తే వానరం, మధ్యలో గ చేరిస్తే నగరం.

వానరం నాకు చాలా ఇష్టమైన మాట. మొదటిది తీస్తే నరం, నడిమిది తీస్తే వారం, చివరిది తీస్తే వాన. ఇలా మూడు వైపులా పలికే మాటలు అరుదు. కానీ ఒక జాగ్రత్త ఉండాలి. ‘వానరము’ అని రాస్తే నాలుగక్షరాలై ఈ అందమంతా పోతుంది. ‘ముఖము’ ఎటునుంచి చదివినా ఒకటే, ‘ముఖం’ అలా కాదు. ఏ రూపం తీసుకుంటున్నారో ప్రశ్నలోనే అక్షరాల సంఖ్యతో తెలియాలి.

పేరు సంగతి. వర్ణవ్యత్యయం అనకండి, అది భాషాశాస్త్రంలో మాట. వారణాసి బనారస్ కావడంలో ర, ణ స్థానాలు మార్చుకున్నాయే, అలాంటి మార్పుకు ఆ పేరు. వ్యస్తాక్షరి అవధానంలోది. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, ఎన్నోదో చెబుతూ ఇస్తే అవధాని చివర్లో వాక్యం కూర్చి చెబుతాడు. మీ ఆటకు ‘అక్షరాల తారుమారు’ చాలు, పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

మిగిలింది పొల్లు. ‘కంప్యూటర్’ చివరి ర్‌కు అచ్చు లేదు. ఛందస్సులో అది ముందరి అక్షరంలో కలిసిపోతుంది. గళ్ల నుడికట్టులో మాత్రం దానికి వేరే గడి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం, రాతలో విడిగా కనిపిస్తుంది కాబట్టి. చిన్నపిల్లలకైతే పొల్లు మాటలు వదిలేసి బస్సు, పెన్ను లాంటివి తీసుకోండి. పెన్నులో ఒత్తు తీస్తే ‘పెను’ తుపానులోని పెను దొరుకుతుంది.