వార్డులో ఏడ్చిన అమ్మాయి నర్సింగ్‌కు పనికిరాదా?

ప్రశ్న: మా అమ్మాయి నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి. క్లినికల్ పోస్టింగ్‌లో తాను చూసుకుంటున్న రోగి చనిపోతే వార్డులోనే ఏడ్చేసింది. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ లేనివాళ్లు ఈ వృత్తిలో నిలబడలేరని సీనియర్ ఒకరు అన్నారట. అప్పటి నుంచి చదువు మానేస్తానంటోంది. వేరే కోర్సులో చేర్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: ఇప్పుడే కోర్సు మార్పించవద్దు. ఏడుపు వచ్చింది కాబట్టి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ లేదనడం ఆ మాటకున్న అర్థాన్నే తలకిందులు చేయడమవుతుంది. 1990లో ఈ భావనకు శాస్త్రీయ నిర్వచనం ఇచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1997లో దానిని నాలుగు సామర్థ్యాలుగా వివరించారు: తనలోను, ఎదుటివారిలోను కలిగే భావాలను గుర్తుపట్టడం, ఆలోచనకు వాటిని ఆసరా చేసుకోవడం, అవి ఎందుకు పుట్టాయో, ఎటు దారితీస్తాయో గ్రహించడం, సందర్భానికి తగినట్టు వాటిని సంబాళించుకోవడం. కన్నీళ్లు రాకూడదన్న నియమం వీటిలో ఎక్కడా లేదు. మీ అమ్మాయికి నాలుగోదానిలో ఇంకా సాధన కావాలి, అంతే. రెండో సంవత్సరంలో అది సహజం.

ఈ సామర్థ్యం రోగికి ఎలా ఉపయోగపడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మర్నాడు ఆపరేషన్ జరగాల్సిన రోగి ఇంజెక్షన్ వద్దంటూ కసురుకున్నాడనుకోండి. ఆ కోపాన్ని తనకు జరిగిన అవమానంగా తీసుకున్న విద్యార్థి ముఖం ముడుచుకుని వెళ్లిపోతుంది. దాని వెనుక భయం ఉందని పసిగట్టిన విద్యార్థి రెండు నిమిషాలు పక్కన నిలబడి, దేనికి భయపడుతున్నారని అడుగుతుంది. రాత్రి నుంచి ఛాతీలో నొప్పిగా ఉందన్న సంగతి ఆ రోగి ఎవరికైనా చెబితే ఈ రెండో విద్యార్థికే చెబుతాడు. అందుకే దీన్ని నేను మంచితనానికి సంబంధించిన విషయంగా కాక, చికిత్సలో భాగమైన నైపుణ్యంగానే చూస్తాను.

నిజానికి నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఏ స్పందనా లేకుండా పోయే విద్యార్థుల పరిస్థితి. అమెరికాలోని ఒక వైద్య కళాశాలలో మొహమ్మద్‌రెజా హోజత్ బృందం జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థుల సహానుభూతి స్కోర్లు మూడో సంవత్సరంలో, అంటే రోగుల మధ్య శిక్షణ ముమ్మరమయ్యే దశలో, గణనీయంగా తగ్గినట్టు తేలింది. తర్వాతి అధ్యయనాలన్నింటిలో ఇదే ఫలితం రాలేదు. అయినా, బాధను తట్టుకోవడానికి మనసును మొద్దుబార్చుకోవడమే మార్గమని పిల్లలకు నేర్పితే ఏం జరుగుతుందో ఆలోచించాల్సిందే.

సంబాళించుకోవడం నేర్పితే వచ్చే విద్యే. క్యాన్సర్ రోగులకు చేదు వార్త చెప్పడానికి 2000లో ప్రచురితమైన స్పైక్స్ అనే ఆరు దశల పద్ధతిలో, రోగి భావాలను గమనించి వాటికి స్పందించడానికే ఒక దశను కేటాయించారు. మీ అమ్మాయి విషయంలో నేను అడిగేది ఒక్కటే: ఏడుపు వల్ల చేతిలో ఉన్న పని ఆగిందా, లేదా బంధువులే ఆమెను ఓదార్చాల్సి వచ్చిందా? అలా జరగకపోతే ఆ కన్నీళ్లను తప్పుపట్టనక్కర్లేదు. జరిగి ఉంటే, దుఃఖం ముంచుకొస్తున్నప్పుడు చేస్తున్న పనిని తోటివారికి స్పష్టంగా అప్పగించి, కాసేపు బయటికి వెళ్లి, తేరుకుని తిరిగి రావడం అలవాటు చేసుకోవాలి. డ్యూటీ ముగిశాక ఆ రోజు తనను కదిలించిన ఒక్క సంఘటనను, అప్పుడు కలిగిన భావాన్ని సరైన పేరుతో (అది భయమా, అపరాధభావమా, నిస్సహాయతా) రాసుకోమనండి. పోస్టింగ్‌ను పర్యవేక్షించే అధ్యాపకురాలితో ఆ మరణం గురించి ఒకసారి విడిగా మాట్లాడమనండి. ఈ మాట చాలామంది పిల్లలు సిగ్గుపడి అడగరు.

ఇంట్లో మీరు ‘ఏడవకు’ అనవద్దు. ఆ రోగి ఎలాంటివారో, ఆమెతో ఏం మాట్లాడేవారో అడిగి, ఆమె చెబుతుంటే మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి.

కొన్ని వారాలు గడిచినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఆసుపత్రి పేరు వింటేనే వణుకు రావడం వంటివి కొనసాగితే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య నిపుణులకు చూపించండి. ఆ తర్వాత కూడా రోగుల దగ్గర పనిచేయడం తనకు ఇష్టం లేదని స్థిమితంగా చెబితే, ల్యాబ్ టెక్నాలజీ, మెడికల్ రికార్డ్స్ వంటి దారుల గురించి అప్పుడు మాట్లాడుకుందాం. నర్సింగ్‌లోనూ అన్ని విభాగాల్లో మరణాలు ఒకే స్థాయిలో ఎదురుకావు కాబట్టి, కనీసం మరో రెండు వేర్వేరు పోస్టింగ్‌లు పూర్తిచేసిన తర్వాతే ఆ నిర్ణయం తీసుకోమని చెప్పండి.